బిట్లు ఎన్నైతేనేం, పాట ఎవరిది?

ఈమధ్య సంగీతప్రియులు నలుగురు కూడిన చోట రాగం మాట రావడం లేదు, గాయకుని మాట రావడం లేదు. బిట్ల మాట వస్తోంది. "తమరు వినేది పదహారు బిట్లా, ఇరవైనాలుగా?" అన్నది కుశలప్రశ్న అయిపోయింది. పదహారు అన్నవాణ్ణి, పెళ్ళిపందిట్లోకి మాసిన పంచెతో వచ్చినవాణ్ణి చూసినట్లు చూస్తున్నారు.

వాదులు రెండు పక్షాలు. మొదటి పక్షంవారు నెలనెలా చందా కట్టి స్ట్రీమింగ్ సేవల్లో "హై-రిజల్యూషన్" సంగీతం వినేవారు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లోనే 192 కిలోహెర్ట్జుల దాకా వెళ్ళిందనీ, స్పాటిఫై 2025 సెప్టెంబరులో గాని లాస్‌లెస్ ధ్వనికి రాలేదనీ, వచ్చినా 44.1 దగ్గరే ఆగిందనీ పట్టికలు గీసి చూపిస్తారు. రెండవ పక్షంవారు ఆల్బమ్ కొని ఇంట్లో పెట్టుకొనేవారు. వారిలో మళ్ళీ, నల్లని ఎల్పీ రికార్డు తప్ప తక్కినది సంగీతమే కాదనేవారిది ఒక శాఖ. ఈ తగవులో నేను రెండవ పక్షంవాణ్ణే. అయితే వారు చెప్పే కారణానికి మాత్రం కాదు. వారి నిర్ణయం ఒప్పు, కారణం తప్పు. ఆ సంగతి చెప్పడానికే ఈ టపా.

ముందు అంకెల గారడీ విప్పుదాం. ధ్వనితరంగాన్ని సెకనుకు కొన్నివేలసార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసుకోవడమే డిజిటల్ రికార్డింగు. ఎన్నిసార్లు కొలిచారో చెప్పేవి కిలోహెర్ట్జులు. ఒక్కొక్క కొలతను ఎంత సూక్ష్మంగా వ్రాశారో చెప్పేవి బిట్లు. ఒక ధ్వనిని లోపం లేకుండా తిరిగి పలికించాలంటే, దాని కంపనసంఖ్యకు రెట్టింపుకన్న కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలునని నైక్విస్ట్, షానన్ అనే శాస్త్రజ్ఞుల పేరిట ఒక సిద్ధాంతం ఉంది. మనిషి చెవి వినగల హద్దు, అదీ పసితనంలో, సెకనుకు 20,000 కంపనాలు. 1982లో బజారుకు వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. లెక్క అక్కడికే సరిపోయింది. 192 కిలోహెర్ట్జులలో అదనంగా వచ్చేది గబ్బిలాలకు కచేరీ. అరవై దాటిన నావంటివాడికి 12,000 పైన వినబడటమే అనుమానం.

ఇక బిట్లు. ఒక్కొక్క బిట్టుకు సుమారు 6 డెసిబెళ్ళ చొప్పున పదహారు బిట్లకు 96, ఇరవైనాలుగు బిట్లకు 144 డెసిబెళ్ళు. అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్యనుండే దూరమన్నమాట. రాత్రివేళ తలుపులు మూసుకొన్న గదిలోనైనా 30 డెసిబెళ్ళ రొద ఉండనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఇంకా పెరుగుతుంది. ఆ 30 మీద 96 పేరిస్తే 126. అది చెవికి నొప్పిపుట్టే హద్దు. అంటే పదహారు బిట్లను పూర్తిగా వాడుకోవాలన్నా చెవుల మీద ఆశ వదులుకోవాలి. మా ఊళ్ళో మూడులాంతర్ల దగ్గర ఆటోల హారన్ల మధ్య నిలబడి ఇరవైనాలుగు బిట్లు ఆస్వాదిస్తున్నానని ఒకాయన చెబితే, విని ఊరుకున్నాను.

ఇంకొక తమాషా. ఈ అదనపు బిట్లను చాలామంది బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వింటున్నారు. బ్లూటూత్ మీద వచ్చేది లాస్‌లెస్ కాదనీ, 192 కావాలంటే వేరుగా ఒక డీఏసీ పరికరం తగిలించుకోవాలనీ ఆపిల్ సంస్థే వ్రాసి పెట్టింది. ఏనుగును కొన్నవాడు ఇంటిగుమ్మం కొలుచుకోవద్దా?

"మా చెవులు వేరు మాస్టారూ" అంటారు. సరే, చెవుల పరీక్షా జరిగింది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలోని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్షాఫలితం ప్రకటించారు. హై-రిజల్యూషన్ ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ కొలతకు కుదించి ఒకసారి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 సార్లలో 276 సార్లు సరైన జవాబు వచ్చింది. నాణెం ఎగరవేసినా ఆమాత్రం వస్తుంది. ఏకపక్షంగా చెప్పానన్న మాట రాకుండా ఇదీ చెబుతాను. 2016లో రైస్ అనే ఆచార్యుడు అనేక పరీక్షలను కలిపి లెక్కకట్టగా సరైన జవాబులు నూటికి 52 పైచిలుకు తేలాయి. తర్ఫీదు పొందినవారికి మరికొంత ఎక్కువ. కనుక భేదం శూన్యమని నేననను. నూటికి రెండు మార్కుల భేదానికి ఇంత యుద్ధమెందుకని అడుగుతాను, అంతే.

ఎల్పీ భక్తులు ఇంతవరకు చదివి సంతోషించి ఉంటారు. తొందరపడకండి. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా సంస్థ తయారుచేసే ఖరీదైన ఎల్పీలు, మధ్యలో డిజిటల్ స్పర్శ లేకుండా అసలు టేపునుంచి నేరుగా వచ్చినవని అభిమానులు నమ్మి కొనేవారు. 2011నుంచే వాటిలో కొన్నింటి తయారీలో డిజిటల్ మెట్టు ఉన్నదని 2022లో బయటపడింది. సంస్థవారు ఒప్పుకొంటేగాని పదకొండేళ్ళపాటు ఆ స్వర్ణకర్ణాలకు తెలిసిరాలేదు. స్ట్రీమింగ్ పక్షం వారికీ ఇటువంటి వేలుపు ఒకటుండేది. దానిపేరు ఎమ్‌క్యూఏ. స్టూడియోలోని మాతృకను ఉన్నదున్నట్లు ఇంటికి తెస్తుందని దాని ప్రచారం. 2023లో ఆ సంస్థ దివాలా వ్యవహారంలో పడింది. 2024లో టైడల్ సేవ ఆ పద్ధతిని వదిలి, ఎవరైనా వాడుకోగల ఫ్లాక్ పద్ధతికి మారిపోయింది. నిన్నటి మోక్షమార్గం ఇవాళ చిత్తుకాగితం.

నేను ముప్పైఏళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సు చెప్పినవాణ్ణి. గణాలు కుదిరి, యతిప్రాసలు సరిపడినంతమాత్రాన అది పద్యం కాదని ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెప్పవలసి వచ్చేది. కొలత కొలతే, కవిత్వం కవిత్వమే. ధ్వని విషయంలోనూ అంతే. ముందు రికార్డు చేసినప్పుడు ఏమి పడిందన్నది ప్రశ్న. ఆ తరువాతే ఎన్ని బిట్లలో పోశారన్నది.

మా విజయనగరం ఉదాహరణే చూడండి. ఇక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో వెలసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వాయులీనాచార్యులు, 1936లో అధ్యక్షులు. ఆ తరంవారి సంగీతం యంత్రానికి ఎక్కిన కాలం ఎటువంటిది? 1925కు ముందు మైకు కూడా లేదు. గొట్టంలోకి పాడితే ఆ కదలికే మైనం మీద గీత గీసేది. మైకు వచ్చిన తరువాతనైనా 78 వేగపు రికార్డుకు ఒక్కొక్క ముఖాన మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. గంటసేపు విస్తరించగల ఆలాపనను మూడు నిమిషాలకు కోసి ఇచ్చిన మహానుభావులు వారు. 1950ల నాటి సినిమాపాటలు ఒకటిరెండు మైకుల ముందు వాద్యబృందం కూర్చుని, గాయకులు నిలబడి, ఒక్క ఊపున పాడినవి. అటువంటి ధ్వనిని ఇవాళ ఇరవైనాలుగు బిట్ల సీసాలో పోసి పైన బంగారు ముద్ర వేస్తే, ఆనాడు పడని స్వరం ఈనాడు ఎక్కడినుంచి వస్తుంది? చెంబెడు తీర్థాన్ని గంగాళంలో పోసినా అది చెంబెడే. నిజంగా భేదం చూపేది వేరు. రికార్డును శుభ్రంగా కడిగారా, సరైన సూది వాడారా, వేగం సరిచూశారా, రొద తీసేస్తామని గమకం కూడా గీకేశారా? వేగం కాస్త తప్పితే శ్రుతే మారిపోతుంది. ఇది చెప్పే ముద్ర ఏ సేవలోనైనా ఉందా?

ఒక న్యాయం మాత్రం చెప్పాలి. పాత రికార్డులను భద్రపరిచేవారికి ఇరవైనాలుగు బిట్లు అవసరమే. ధ్వనిభాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48, వీలైతే 96 కిలోహెర్ట్జులలో, ఇరవైనాలుగు బిట్లతో దాచమంటుంది. తరువాత మరమ్మతు చేసేవాడికి చోటు మిగలాలి కనుక. దాచేవాడి కొలత వేరు, వినేవాడి కొలత వేరు. గాదె పెద్దదిగా ఉండాలని కంచం కూడా అంతే ఉండాలంటారా?

మరి బిట్ల భేదం ఇంత స్వల్పమైతే, కొన్నా అద్దెకు విన్నా ఒకటే కదా అనవచ్చు. కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది.

అద్దె పాటకు ఆయుష్షు వినేవాడి చేతిలో లేదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 డిసెంబరులో మూతపడింది. రెస్సో 2024 జనవరి 31న మనదేశంలో ఆగిపోయింది. ఎయిర్‌టెల్‌వారి వింక్ మ్యూజిక్ ఆ ఏడే కట్టేశారు. 2023 మార్చిలో స్పాటిఫైకీ జీ మ్యూజిక్‌కీ ఒప్పందం కుదరకపోతే ఆ పాటలన్నీ అక్కడినుంచి తొలగిపోయాయి. చందా కట్టినవాణ్ణి ఎవరైనా ఒక మాట అడిగారా? నేనూ ఒక సేవకు చందా కట్టేవాణ్ణి, పేరు అనవసరం. ఓపికగా ఏరి కూర్చుకొన్న నలభై పాటల జాబితాలో ఒకనాటి ఉదయం పదకొండు బూడిదరంగుకు తిరిగి ఉన్నాయి. నొక్కితే పలకవు. ఉత్తరం వ్రాస్తే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని జవాబు. నా అలమరాలోని సీడీ ఎన్నడూ చింతించలేదు. పెట్టినప్పుడల్లా పాడింది.

రెండవది, పేర్ల సంగతి. ఎల్పీ అట్ట వెనుక, సీడీ లోపలి కాగితం మీద, రచన ఎవరిది, రాగమేది, తాళమేది, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని ఉండేది. అట్ట చదివే సంగీతం నేర్చుకొన్నవారు నా తరంలో ఎందరో. అద్దెకొట్లో ఒక పాత కృతి తెరవండి. బొమ్మ ఎవరిదో, సంవత్సరం అంకెలకెక్కించిన నాటిదో, ప్రక్కవాద్యాల పేర్లు ఏ గాలికి పోయాయో! ఇదే ఊళ్ళో పుట్టి, మా కళాశాలలోనే చదివిన పి. సుశీలగారు 17,695 పాటలు పాడారని 2016లో గిన్నిస్‌వారు లెక్క తేల్చారు. అభిమానులు ఏళ్ళతరబడి పేర్లూ వివరాలూ వ్రాసిపెట్టుకోకపోతే అటువంటి లెక్క తేలుతుందా? బిట్లు పెరిగిన కొద్దీ మనుషుల పేర్లు తగ్గిపోవడం నాకు అర్థంకాని హై-రిజల్యూషన్.

మూడవది అన్నింటికన్న ముఖ్యం. అన్నం సంగతి. పాటకు ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు విద్యార్థిగా ఈ ఊళ్ళో మధూకరం ఎత్తుకొని చదువుకొన్నారు. జోలెలో ముద్ద వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. కళాశాల కట్టింది మహారాజైతే, విద్యార్థిని నిలబెట్టింది ఆ ముద్ద. కచేరీకి చందా వేసినవాడు, గ్రామఫోను రికార్డు కొన్నవాడు, క్యాసెట్టు కొన్నవాడు, అందరూ ఆ ఇల్లాళ్ళ వారసులే. ఇచ్చేది కొంచెమే కావచ్చు. ఏ జోలెలో పడుతోందో వారికి తెలుసు.

అద్దెపద్ధతిలో మీ చందా మీరు విన్న గాయకుడికి వెళుతుందని అనుకొంటున్నారా? పెద్ద సేవలలో సాధారణంగా అందరి చందాలూ ఒకే కుప్ప పోస్తారు. దేశం మొత్తం మీద ఎవరి పాట ఎన్నిసార్లు మోగిందో చూసి, ఆ పాళ్ళలో పంచుతారు. మీరు నెలంతా హరికథే విన్నా, మీ సొమ్ములో అధికభాగం మీరెన్నడూ వినని సినిమాపాటకే చేరుతుంది. అంతటితో ఆగలేదు. 2024నుంచి స్పాటిఫైలో, గడచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లైనా మోగని పాటకు రికార్డింగు ప్రతిఫలం సున్న. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇవాళ హరికథ చెప్పేవారు, జముకులకథ చెప్పేవారు ఉన్నారు. అటువంటివారి రికార్డును ఏడాదిలో ఎనిమిదివందలమంది శ్రద్ధగా విన్నారనుకోండి. మా ఊళ్ళో ఎనిమిదివందలమంది కూర్చుంటే అది నిండుసభ! ఆ సభకు సంభావన సున్న అని ఒక యంత్రం తీర్పు చెప్పింది. దానిని ఇరవైనాలుగు బిట్లలో వింటే పుణ్యం వస్తుందా?

ఇందుకు ఎదురుగా బ్యాండ్‌క్యాంప్ వంటి చోట ఆల్బమ్ కొంటే, సగటున నూటికి 82 వంతులు కళాకారునికో, అతని రికార్డు సంస్థకో చేరుతాయని వారే చెబుతున్నారు. కొన్నది ఫ్లాక్ రూపంలో మన పెట్టెలోకి దిగుతుంది. ఆపైన ఆ దుకాణం ఉన్నా, మూతపడినా మన పాట మనది.

ఇక ఆక్షేపణలు. "పింఛనుదారులం, అన్నీ కొనగలమా మాస్టారూ?" అని ఒక పూర్వవిద్యార్థి అడిగాడు. ఆయన విశాఖలో కంప్యూటరు ఉద్యోగి, పింఛనుదారుణ్ణి నేను! అయినా లెక్క చెబుతాను. చందా నెలకు 120 అనుకొందాం. ఏడాదికి 1,440. పదేళ్ళకు 14,400. పదకొండవ ఏట కట్టడం మానితే చేతిలో మిగిలేది ఖాళీచేయి. అదే సొమ్ముతో రెండుమూడు నెలలకొక ఆల్బమ్ కొన్నా, పదేళ్ళకు మనుమలకు ఇవ్వదగిన సంగీతం ఒక అలమరాడు కూడుతుంది. లోకంలోని పాటలన్నీ కావాలనుకోవడమే రోగం. కోటి పాటల గుమ్మం ముందు నిలబడి, ఏది వినాలో తోచక, విన్నదే సగంలో ఆపి ముందుకు తోసేవారిని రోజూ చూస్తున్నాం. పాతిక రికార్డులున్నవాడికి ఆ పాతికా కంఠతా వచ్చేవి.

"తెలుగు సీడీలు ఇప్పుడు దొరుకుతున్నాయా?" అన్నది రెండవ ఆక్షేపణ. ఇది న్యాయమైనది. మా ఊళ్ళో నేనెరిగిన క్యాసెట్టు దుకాణాలు సెల్‌ఫోను దుకాణాలయ్యాయి. కొత్త సినిమాపాటలకు సీడీ రావడమే అరుదైపోయింది. కొందామన్నా అమ్మేవాడు లేకుండా చేసి, "చూశారా, ఎవరూ కొనడంలేదు" అనడం వర్తకుల పాత విద్యే. కనుకనే దొరికినవాటి విలువ పెరిగింది. కచేరీకి వెళ్ళినప్పుడు గాయకుణ్ణే అడగండి. బల్లమీద నాలుగు సీడీలో, పెన్‌డ్రైవులో పెట్టుకొన్నవారు ఇంకా ఉన్నారు. పాతసామాన్ల కొట్టులో ఎల్పీ కనబడితే, మోగుతుందా మోగదా అని తరువాత చూడవచ్చు. ముందు అట్ట కాపాడండి.

"అయితే స్ట్రీమింగ్ పాపమా?" కాదు. సంతలో మామిడిపండు ముక్క కోసి రుచి చూపిస్తారు. రుచి చూడటానికి అది మంచి చోటు. జీవితమంతా ముక్కల మీదనే గడిపి, తోట అక్కరలేదనడమే తప్పు.

కొన్నవారికీ ఒక మాట. అలమరాలో పెట్టి ధూళి తుడుచుకోవడం సంగీతసేవ కాదు. సీడీ కూడా చిరంజీవి కాదు. దానిని ఫ్లాక్‌గా మార్చి రెండు ప్రతులు రెండు చోట్ల ఉంచండి. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఏ రాగం, ఏ సంవత్సరం అన్నవి తెలుగులో ప్రక్కనే వ్రాసిపెట్టండి. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు ప్రచురించిన తరువాత 60 ఏళ్ళకు తీరిపోతుంది. సాహిత్యానికీ స్వరరచనకూ హక్కులు వేరే ఉంటాయి. అవి కర్త మరణించిన తరువాత 60 ఏళ్ళు. త్యాగరాజకృతికి ఆ బెడదే లేదు. అంటే, ఆ 60 ఏళ్ళు దాటిన ద్వారంవారి త్యాగరాజకృతి రికార్డు చట్టరీత్యా ప్రజలందరి సొత్తు. కాని సొత్తు అయినంతమాత్రాన దొరుకుతుందా? ఎవరి అటకమీదనో మోగే ప్రతి ఒకటి మిగిలి ఉంటేనే దొరుకుతుంది. ఆనాడు మూడు రూపాయలో, నాలుగు రూపాయలో పోసి కొన్న ఒక అజ్ఞాత గృహస్థు మూలంగా దొరుకుతుంది. నెలచందా కట్టి విన్నవాడి అటకమీద ఏముంటుంది?

కనుక, మిత్రులారా, మీ పట్టికల్లో మరొక గడి గీయండి. బిట్లు, కిలోహెర్ట్జులు, నెలకు రూపాయలు అన్న మూడు గడుల ప్రక్కన "ఇరవైఏళ్ళ తరువాత ఇది ఎవరి ఇంట ఉంటుంది?" అని నాలుగవది. ఆ గడి నింపగలిగిన తరువాత ఎన్ని బిట్లలోనైనా వినండి. నాకు ఆక్షేపణ లేదు.

మీ ఇళ్ళలో అట్టతోసహా మిగిలిన తెలుగు రికార్డు ఏదైనా ఉంటే, అట్టమీది పేర్లు ఒక్కటీ విడువకుండా క్రింద వ్యాఖ్యలో వ్రాయండి. మృదంగం వాయించినవారి పేరుతో మొదలుపెడితే మరీ సంతోషం.